తాళం తీయమంటే ఏం తీయాలి?

గుమ్మం ముందు నిలబడి అమ్మ "తాళం తియ్యి" అంటే తలుపుకున్న తాళం తెరుస్తాం. అదే అమ్మ వంటింట్లోంచి "ఆ మేకుకున్న తాళం తియ్యి" అంటే తాళంచెవి చేతిలోకి తీసుకుంటాం. మాట ఒకటే, పనులు రెండు. అయినా మనకి తికమక రాదు. ఎక్కడ ఉన్నాం, చేతిలో ఏముంది, అడిగిన మనిషికి ఇప్పుడు ఏం కావాలి అనేవి మాటతో పాటే మనకి అందుతాయి. యంత్రానికి అందేది మాట ఒక్కటే. మిగతాదంతా ఎవరో ముందే కూర్చుని దానికి నేర్పాలి.

ఈ నేర్పడం బాగా తెలిసినవాళ్లు ఇంటరాక్టివ్ ఫిక్షన్ రాసేవాళ్లు. ఈ ఆటల్లో బొమ్మలుండవు. తెర మీద ఒక గది వర్ణన వస్తుంది, ఏం చేయాలో మనం టైప్ చేస్తాం, ఆ తర్వాత ఏమైందో ఆట చెబుతుంది. మనం రాసిన మాటల్ని విడదీసి ఏ పని, ఏ వస్తువు మీద అని తేల్చే భాగాన్ని పార్సర్ అంటారు. ఈ ఆటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. కథ అర్థం కావడానికి ఉదాహరణలు మాత్రం తెలుగులో రాస్తున్నాను. తెలుగులో నిజంగా పార్సర్ రాయబోతే ఏమవుతుందన్నది చివర్లో చూద్దాం, అది వేరే గొడవ.

మొదట్లో ఈ సమస్య భాషది కాదు, మెషీన్‌ది. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ మొదలుపెట్టి, 1977లో డాన్ వుడ్స్ పెంచిన 'అడ్వెంచర్' ఆట పీడీపీ-10 కంప్యూటర్ మీద నడిచేది. ఒక క్రియ, ఒక నామవాచకం, అంతే. ఆ కంప్యూటర్‌లో ఒక మెమరీ గడి 36 బిట్లు, అందులో ఐదు అక్షరాలు పడతాయి. అందుకని ఆట ప్రతి మాటలోనూ మొదటి ఐదు అక్షరాలే చూసేది. దాంతో ఇంగ్లీషులో ఉత్తరం, ఈశాన్యం అనే రెండు మాటలూ దానికి ఒకటైపోయాయి, రెండూ 'నార్త్'తోనే మొదలవుతాయి కదా. ఈశాన్యానికి వెళ్లాలంటే 'ఎన్ ఈ' అని పొడి అక్షరాలు కొట్టమని ఆటే ముందుగా చెప్పేది.

ఆ తర్వాత ఎమ్‌ఐటీలో 1977లో మొదలైన 'జోర్క్' పూర్తి వాక్యాలు ఒప్పుకుంది. "దీపం తీసుకుని పెట్టెలో పెట్టు" లాంటివి రాయొచ్చు. వాక్యం పెరిగే కొద్దీ దానికి రెండర్థాలు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. రెండు మాటల ఆటకి "ఏ పెట్టెలో?" అన్న ప్రశ్నే రాదు.

నిజానికి ఈ ముడి విప్పే దారి అదే ఎమ్‌ఐటీలో అప్పటికే ఒకరు చూపించారు. 1970 ప్రాంతంలో టెరీ వినోగ్రాడ్ 'ష్రుడ్లూ' అనే ప్రోగ్రాం రాశాడు. అందులో ఒక బల్ల, దాని మీద రంగురంగుల దిమ్మెలు, పిరమిడ్లు, ఒక పెట్టె. అన్నీ ఊహా వస్తువులే. ఇలాంటి చోట "నీలం పిరమిడ్‌ను, దిమ్మె మీద, పెట్టెలో పెట్టు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఇచ్చారనుకోండి. దిమ్మె మీద ఉన్న పిరమిడ్‌ని పెట్టెలో పెట్టమనా? పిరమిడ్‌ని తీసుకెళ్లి పెట్టెలో ఉన్న దిమ్మె మీద పెట్టమనా? వ్యాకరణాన్ని ఎంత తిరగేసినా తేలదు. బల్ల వైపు చూస్తే తేలుతుంది. దిమ్మె మీద నీలం పిరమిడ్ అసలు ఉందా లేదా? లేకపోతే మొదటి అర్థం పోయినట్టే. ఇప్పటి పార్సర్లన్నీ ఈ చూపు మీదే బతుకుతున్నాయని నా అభిప్రాయం.

వడపోత

1993లో గ్రాహమ్ నెల్సన్ ఈ ఆటలు రాయడానికి తయారుచేసిన ఇన్‌ఫార్మ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ చూపు ఎలా పనిచేస్తుందో చూస్తే మిగతావీ అర్థమవుతాయి.

మొదట అందుబాటు. దీన్ని స్కోప్ అంటారు. గదిలో ఉన్నవి, చేతిలో ఉన్నవి, తెరిచిన పెట్టెలో ఉన్నవి లెక్కలోకి వస్తాయి. మూసిన చెక్క పెట్టెలోవి రావు. గాజు పెట్టె అయితే మూసి ఉన్నా వస్తాయి, కనిపిస్తున్నాయి కాబట్టి. చీకటి గదిలో ఉంటే చేతిలో ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలి. ఆట మొత్తంలో పదిహేను తాళంచెవులున్నా ఈ గదిలో ఉన్నది ఒకటే అయితే పేచీ లేదు. సగం సందిగ్ధత ఇక్కడే రాలిపోతుంది.

తర్వాత పేరు. ఎక్కువ మాటలు కలిసిన వస్తువుకే మొగ్గు. "తుప్పు పట్టిన తాళంచెవి" అంటే మూడు మాటలూ కలిసింది గెలుస్తుంది. ఇక్కడ కొత్తగా రాసేవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది. గదిలో తలుపు ఉంది, 'తలుపు తాళంచెవి' కూడా ఉంది. ఎవరో "తలుపు చూడు" అని కొడతారు. పార్సర్ అమాయకంగా "ఏది? తలుపా, తలుపు తాళంచెవా?" అని అడుగుతుంది. మనుషులెవరైనా ఇలా అడిగితే నవ్వుతాం. కారణం ఏమిటంటే, ఇన్‌ఫార్మ్ మామూలుగా ఒక వస్తువు పేరులోని మాటలన్నింటినీ సమానంగా చూస్తుంది. ఏది అసలు పేరు, ఏది విశేషణం అని పట్టించుకోదు. జోర్క్ అమ్మిన ఇన్ఫోకామ్ కంపెనీ వాళ్లు ఈ రెండింటినీ విడిగా రాసుకునేవారు. మైకేల్ రాబర్ట్స్ చేసిన టాడ్స్ అనే భాషలో కూడా అంతే: 'తలుపు' అనేది తాళంచెవికి విశేషణం మాత్రమే కాబట్టి, ఆ ఒక్క మాటే కొడితే అసలు తలుపుకే ప్రాధాన్యం. ఈ ఒక్క విషయంలో నా ఓటు టాడ్స్‌కే.

మూడోది క్రియ. "పారెయ్" అంటే చేతిలో ఉన్నదాన్నే పారేయగలం, కాబట్టి చేతిలోవాటికి ముందు చోటు. "తీసుకో" అంటే చేతిలో లేనివాటికి. "అన్నీ పెట్టెలో పెట్టు" అంటే ఆ అన్నింటిలో పెట్టె కూడా వస్తుందా? రాకూడదు. అందుకే ఇన్‌ఫార్మ్ మొదటి సగం తేల్చే ముందే తొంగిచూసి రెండో సగంలో ఏ వస్తువుందో తెలుసుకుంటుంది. చిన్న సంగతే, కానీ ఇది లేకపోతే "పెట్టెను పెట్టెలో పెట్టలేరు" అనే వెర్రి జవాబు వస్తుంది.

ఇన్ని వడపోతల తర్వాత కూడా ఇద్దరు అభ్యర్థులు మిగిలితే రెండే దారులు. ఊహించడం, లేదా అడగడం.

ఊహకి ఖరీదు ఉంటుంది

2006లో వచ్చిన ఇన్‌ఫార్మ్ 7లో రచయిత పార్సర్‌కి సలహా చెప్పొచ్చు. "ఆడేవాళ్లు ఆపిల్ తినమంటే నిజం ఆపిలే అయ్యుండే అవకాశం బాగా ఎక్కువ, మైనం ఆపిల్ అయ్యుండే అవకాశం బాగా తక్కువ" అని రూల్ రాస్తాం. బాగా ఎక్కువ, ఎక్కువ, ఉండొచ్చు, తక్కువ, బాగా తక్కువ అని ఐదు మెట్లు. ఏమీ చెప్పకపోతే అన్నీ మధ్య మెట్టు మీదే ఉంటాయి. ఇవి నిషేధాలు కావు. మైనం ఆపిల్ తింటానని ఎవరైనా పనిగట్టుకుని రాస్తే తిననివ్వాల్సిందే.

టాడ్స్ 3 ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ప్రతి వస్తువూ ప్రతి పనికీ మూడు దశల్లో జవాబు చెప్పాలి. దీని మీద ఈ పని చేయమనడం సబబేనా? ఇప్పుడు కుదురుతుందా? చేస్తే ఏమవుతుంది? మొదటి దశ పేరు వెరిఫై. ఏ వస్తువు అన్నది తేలేది ఇక్కడే. మొదటి రెండు ప్రశ్నలూ వేరు వేరని ఒప్పుకోవడంలోనే దీని తెలివంతా ఉంది.

రెండు పెట్టెలున్నాయి అనుకుందాం. ఒకదానికి లోపల గడియ పడి ఉంది, ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. "పెట్టె తెరువు" అని కొట్టారు. మొదటిది ఎలాగూ తెరుచుకోదు కదా అని పార్సర్ రెండోదాన్ని ఎంచుకుంటే, అది తెలివితేటలు చూపించినట్టు కాదు, గుట్టు విప్పినట్టు. గడియ సంగతి రచయితకి తెలుసు, ఆటకి తెలుసు, ఆడే మనిషికి తెలియదు. ఆడే మనిషికి తెలిసినంత మేరకే పార్సర్ ఊహించాలి. అందుకే టాడ్స్‌లో తాళం పడి ఉన్న తలుపుని తెరవమనడం సబబైన కోరికే. అది రెండో దశలో విఫలమవుతుంది, మొదటి దశలో కాదు. ఈ తేడా తెలియకుండా ఐదేళ్లు ఆటలు రాసినా రాయొచ్చు, తెలిశాక పాత ఆటలన్నీ మళ్లీ దిద్దాలనిపిస్తుంది.

వెరిఫై ఇవ్వగల జవాబుల్లో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి 'ప్రమాదం'. విషం సీసా తాగడం కుదరని పనేం కాదు, పేరు పెట్టి అడిగితే ఆట తాగనిస్తుంది. కానీ "తాగు" అని ఊరికే అంటే మాత్రం దాన్ని తనంతట తాను ఎంచుకోదు. ఇంకోటి 'తట్టని పని'. చెంచాతో తాళం తెరుచుకోవడం ఆటలో పొడుపుకథ అనుకోండి. "తాళం తెరువు" అనగానే పార్సర్ "(చెంచాతో)" అని బ్రాకెట్లో వేసి తెరిచేస్తే ఆ రచయిత వారం రోజుల కష్టం ఒక్క దెబ్బకి పోతుంది. అందుకని, చెంచా పేరు చెబితే సరే, చెప్పకపోతే నువ్వు ఊహించకు అని గుర్తుపెడతారు.

అంటే రెండు వస్తువుల్లో ఏది ఎక్కువ సబబో తూకం వేస్తే సరిపోదు. ఊహ తప్పితే ఏం పోతుందో కూడా తూకంలో వేయాలి. తప్పు పువ్వుని వాసన చూస్తే పోయేదేమీ లేదు, ఊహించేయొచ్చు. తప్పు సీసా తాగితే ఆట అయిపోతుంది, అడగాలి. ఊహించినప్పుడు కూడా ఏం ఊహించిందో పార్సర్ బ్రాకెట్లో చెబుతుంది: "(ఎర్ర తలుపు)", "(ముందు టార్చిలైటు తీసుకుని)". ఈ బ్రాకెట్లు కథ చదువుతుంటే కంట్లో నలుసులా ఉంటాయని తీసేసేవాళ్లున్నారు. నేనైతే తీయను. పార్సర్ తప్పు చేసినప్పుడు ఎక్కడ చేసిందో తెలిసేది వాటివల్లే.

మరి ఎప్పుడూ అడిగేస్తే పోదా అంటే, ప్రశ్న కూడా ఉచితం కాదు. "ఏ పటం? అసలు పటమా, నకిలీ పటమా?" అని అడిగితే కథ అక్కడితో సరి. వస్తువుకి రచయిత లోపల పెట్టుకున్న పేరు ప్రశ్నలో బయటపడిపోతుంది. ఇంకో రకం నరకం, ఒకే పేరున్న రెండు వస్తువులు. "ఏ నాణెం? నాణెమా, నాణెమా?" మీరు "నాణెం" అంటారు. మళ్లీ అదే ప్రశ్న. నిజంగానే తేడా లేని పది నాణేలైతే ఇన్‌ఫార్మ్ వాటిని గుంపుగా చూసి ఏదో ఒకటి తీసుకుంటుంది, చిక్కులేదు. ప్రోగ్రాంలో వేరు, పేరులో ఒకటి అయినప్పుడే ఈ గానుగెద్దు తిరుగుడు. ప్రతి వస్తువుకీ దానికి మాత్రమే ఉండే మాట కనీసం ఒకటి ఉండాలి. అలా కుదరకపోతే టాడ్స్ లాగా "మీ చేతిలో ఉన్న కొవ్వొత్తా, బల్ల మీద ఉన్నదా" అని ఉన్న చోటుని బట్టి విడదీయాలి.

ప్రశ్న అడిగాక వచ్చే జవాబు ఇంకో తలనొప్పి. "ఏ తాడు?" అని అడిగితే ఆడేవాళ్లు "పొడుగుది" అనొచ్చు, లేదా ప్రశ్న పక్కనపెట్టి "ఉత్తరానికి వెళ్లు" అనొచ్చు. మొదటి మాట క్రియ అయితే కొత్త ఆదేశం, కాకపోతే జవాబు అన్నది స్థూలంగా రూలు. కానీ ఇంగ్లీషు ఆటల్లో 'లాంగ్', 'షార్ట్' అనేవి గది వర్ణన పెద్దగా కావాలా చిన్నగా కావాలా అని చెప్పే ఆదేశాలు కూడా. పొడుగు తాడు అనబోయి 'లాంగ్' అంటే సెట్టింగు మారిపోవాలా? ఇన్‌ఫార్మ్ లైబ్రరీలో, అంటే దానితో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్‌లో, ఇలాంటి కొన్ని మాటలకి ప్రత్యేకంగా మినహాయింపు రాసిపెట్టారు. వినడానికి అతుకుల పనిలా ఉంటుంది, ఉంది కూడా.

తెలుగైతే

ఇన్‌ఫార్మ్‌ని ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ లాంటి భాషల్లోకి తెచ్చినవాళ్లున్నారు. నెల్సన్ దానికో దారి వదిలాడు: ఆడేవాళ్లు టైప్ చేసిన వాక్యాన్ని పార్సర్ చూసేలోపు 'ఇన్‌ఫార్మీస్' అనే నడిమి భాషలోకి మార్చే ఒక రొటీన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క. ఇన్‌ఫార్మ్ క్రియ మొదట్లో ఉంటుందనుకుంటుంది. మన క్రియ చివర్లో. సరే, దాన్ని ముందుకి జరుపుదాం. విభక్తులు మాటకి అతుక్కుని ఉంటాయి. "పెట్టెలో"ని "పెట్టె", "లో" అని విడగొడదాం. అంతేకదా అనుకుని నేను మొదలుపెట్టాను. "ఇంట్లో" దగ్గర ఆగిపోయాను. 'లో' తీసేస్తే మిగిలేది 'ఇంట్', వస్తువు పేరు మాత్రం 'ఇల్లు'. రాయి రాతి అవుతుంది, కన్ను కంటి అవుతుంది. ప్రతి వస్తువుకీ ఈ రెండో రూపం కూడా రాసిపెట్టుకోవాలి. పైగా తీయి, తియ్యి, తియ్, తీయండి. ఒక్క క్రియకి ఎన్ని వేషాలో.

దీనికి బదులు మన భాష ఒక మేలు చేసింది. వినోగ్రాడ్ పిరమిడ్ చిక్కు తెలుగులో చాలావరకు రాదు. "దిమ్మె మీదున్న పిరమిడ్‌ని పెట్టెలో పెట్టు", "పిరమిడ్‌ని పెట్టెలో ఉన్న దిమ్మె మీద పెట్టు". ఆ 'ఉన్న' అనే చిన్న మాట ఏది దేనికి చెందిందో చెప్పేస్తుంది. మాటల వరస మారినా ఇబ్బంది లేదు, "కత్తి పెట్టెలో పెట్టు" అన్నా "పెట్టెలో కత్తి పెట్టు" అన్నా ఒకటే. వరస చేసే పని విభక్తి చేస్తుంది.

అక్కడ ఇచ్చింది క్రియల దగ్గర వడ్డీతో లాక్కుంది. 'తీయి' అంటే తెరవడం, తీసుకోవడం, బయటికి లాగడం. 'వెయ్యి' గురించి చెప్పనక్కర్లేదు: తలుపు వెయ్యి అంటే మూసెయ్, లైటు వెయ్యి అంటే వెలిగించు, చొక్కా వేసుకుంటాం, ఉత్తరం డబ్బాలో వేస్తాం, అదీ కాక అంకె కూడాను. కట్టు అంటే ముడి వేయడమా, టీవీ ఆపడమా, దెబ్బకి చుట్టిన గుడ్డా? ఇంగ్లీషు పార్సర్‌కి "ఏ వస్తువు" అన్నది పెద్ద ప్రశ్న అయితే, తెలుగు పార్సర్‌కి "ఏ పని" అన్నది అంతకంటే పెద్దది. ఆ జవాబు వస్తువులోనే ఉంటుంది. తలుపుకి 'వెయ్యి' అంటే మూయడం అని తలుపే చెప్పాలి, లైటు సంగతి లైటు చెప్పాలి. అంటే క్రియని ముందు తేల్చి తర్వాత వస్తువు వెతికే ఇన్‌ఫార్మ్ పద్ధతి ఇక్కడ తిరగబడుతుంది. వస్తువుని ముందు పట్టుకుని, దాన్నే అడిగి క్రియని తేల్చుకోవాలి.

ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటి పెద్ద లాంగ్వేజ్ మోడళ్లు ఉన్నాయిగా, ఆడేవాళ్ల వాక్యాన్ని వాటికిచ్చి సరైన ఆదేశంగా మార్చమంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. 'ఇంట్లో', 'తియ్యండి' లాంటి రూపాల సంగతి అవి బాగానే చూసుకుంటాయి. కానీ గడియ పడిన పెట్టె గుట్టు విప్పొద్దని, విషం సీసా ఊహించొద్దని వాటికి కూడా ఎవరో ఒకరు చెప్పాల్సిందే. పైగా అవి ఊహించినప్పుడు బ్రాకెట్లో చెప్పవు, మనం అడిగి చెప్పించుకోవాలి.

నా చిన్న ఆటలో 'తాళం తియ్యి'కి రూల్ ఇలా రాసుకున్నాను. తాళంచెవి చేతిలో ఉంటే తలుపు తాళం తెరవాలి. మేకుకి ఉంటే "(ముందు మేకుకున్న తాళంచెవి తీసుకుని)" అని చెప్పి తెరవాలి. తలుపు లేని గదిలో అయితే తాళంచెవి తీసుకోవడమే. రెండు రోజులు చక్కగా నడిచింది. తర్వాత మా పిన్ని ఆడుతూ తాళంచెవి పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. అక్కడ బావి ఉంది, వెనకాల దొడ్డి తలుపు ఉంది. అక్కణ్ణించి వెళ్లేముందు దొడ్డి తలుపుకి తాళం పెడదామని "తాళం వెయ్యి" అని కొట్టింది. నా పార్సర్ చుట్టూ చూసింది. వేయడానికి చేతిలో తాళం ఉంది, వేయించుకోవడానికి ఎదురుగా బావి ఉంది. "(బావిలో) బుడుంగుమని చప్పుడైంది" అంది. "ఇదేంట్రా, తాళం వెయ్యమంటే బావిలో వేసింది?" అంది పిన్ని. ఆ రాత్రి బావి పక్కన 'ప్రమాదం' అని గుర్తుపెట్టాను.